కోట, మైదానం, పేట: వలస పాలనలో మారిన భారతీయ నగర జీవితం

ఇంగ్లీషువాళ్ళు ఓడ దిగేనాటికి భారతదేశంలో నగరాలకు కొదవ లేదు. సూరత్, ఢాకా, ఆగ్రా, ఢిల్లీ, హైదరాబాద్, మచిలీపట్నం అప్పటికే వర్తకానికీ చేతిపనులకూ పేరుపడ్డాయి. వలస పాలన కొత్త నగరాలు కట్టడం కంటే ముందు పాతవాటి ప్రాభవాన్ని పక్కకు లాగింది. దర్బారులున్న రాజధానులు, నేతగాళ్ళ పట్టణాలు వెనకబడ్డాయి. ఓడలు లంగరు వేసే తీరపు పల్లెలు ముందుకొచ్చాయి. మస్లిన్ ఎగుమతి కూలిపోయాక ఢాకా జనాభా లక్షన్నర నుంచి ముప్ఫై నలభై వేలకు పడిపోయిందని 1840లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు ఒక ఈస్టిండియా కుంపిణీ అధికారే వాంగ్మూలం ఇచ్చాడు. 1901 జనగణన నాటికి దేశంలో తొలి మూడు పెద్ద నగరాలు కలకత్తా (సుమారు 8.5 లక్షలు), బొంబాయి (7.75 లక్షలు), మద్రాసు (5 లక్షలు). మూడూ కుంపిణీ రేవులే. నాలుగో స్థానంలో 4.5 లక్షల జనంతో నిజాం రాజధాని హైదరాబాద్ ఉంది.

నగరాలు ఎక్కడ పెరిగాయన్నది ఈ కథలో ఒక భాగం. ఎవరి ఇంటికి ఎవరు ఎంత దూరంలో ఉండాలి, వీధికి నీళ్ళు ఎవరి ఖర్చుతో రావాలి, ఎవరి గుడిసె పడగొట్టి రోడ్డు వేయాలి అన్న నిర్ణయాలు రెండో భాగం. నగరంలో రోజు గడిచే తీరును మార్చింది ఈ రెండోదే.

బందరు నుంచి చెన్నపట్నానికి

ఇంగ్లీషువాళ్ళు తెలుగు తీరంలో మొదట కుదురుకున్నది మచిలీపట్నంలో (బందరులో), 1611లో. డచ్చివాళ్ళు వాళ్ళకంటే ముందు 1605లోనే వచ్చారు, ఫ్రెంచివాళ్ళు 1669లో చేరారు. బందరులో ఇంగ్లీషుపాలెం, వలందపాలెం, పరాసుపేట అన్న పేర్లు నేటికీ ఉన్నాయి. అయితే అక్కడ వాళ్ళందరూ గోల్కొండ సుల్తాను రేవులో అద్దెకున్నవాళ్ళే. సుంకాలకూ, స్థానిక అధికారుల మర్జీకీ తలొగ్గక తప్పేది కాదు. సొంత కోట ఉంటే ఆ బెడద వదులుతుందని ఇంగ్లీషువాళ్ళు నెల్లూరు తీరాన దుర్గరాజపట్నంలో 1626లో ఒక ప్రయత్నం చేశారు. అక్కడ వ్యాపారం సాగలేదు.

1639లో కుంపిణీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే చంద్రగిరి రాయల సామంతుడైన దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి మద్రాసపట్నం దగ్గర ఒక ఇసుక పర్ర మీద కోట కట్టుకునే హక్కు సంపాదించాడు. నాయకుడి తండ్రి చెన్నప్ప పేరున పుట్టిందే చెన్నపట్నం. రేవుగా చూస్తే అది దండగమారి చోటు. ఓడలు దూరంగా సముద్రంలోనే ఆగాలి. సరుకూ మనుషులూ మసూలా పడవల్లో అలల మీద ఎగిరెగిరి పడుతూ ఒడ్డు చేరాలి. అయినా చుట్టుపక్కల బట్ట చవక, కోటకు అనుమతి ఉంది. ఆ రెండూ చాలనుకున్నారు.

కోట లోపల ఇంగ్లీషువాళ్ళు, పోర్చుగీసు సంతతివాళ్ళు ఉండేవారు. దానికి ఉత్తరాన కుంపిణీ బట్టల వ్యాపారాన్ని నమ్ముకుని పెరిగిన ఊరిని బ్లాక్ టౌన్ అన్నారు. దాన్ని పెంచింది తెలుగు, తమిళ వర్తకులు. బేరి తిమ్మన్న, కాశీ వీరన్న లాంటి దుబాసీలు లేకపోతే కుంపిణీకి ఒక్క బట్ట తాను కూడా చేరేది కాదు. నేతగాళ్ళకు బయానా ఇచ్చేది, సరుకు తనిఖీ చేసేది, ధర తెగకొట్టేది వాళ్ళే. తిమ్మన్న ఆ ఊళ్ళో చెన్నకేశవ స్వామికి గుడి కట్టించాడు. రాత్రిళ్ళు ఊరి కాపలా వంశపారంపర్యంగా పెద్దనాయకుడిది. పోయిన సొత్తుకు జవాబుదారీ కూడా అతనిదే. పెద్దనాయకన్‌పేటకు ఆ పేరు అలా వచ్చింది.

కోట గోడలు తెల్లవాళ్ళను నల్లవాళ్ళ నుంచి వేరు చేస్తే, బ్లాక్ టౌన్ లోపల మరో గీత ఉండేది. కుడిచేతి కులాలు, ఎడమచేతి కులాలు అన్న రెండు పక్షాలు ఏ వీధిలో ఎవరి ఊరేగింపు పోవాలన్న విషయం మీద 1652లోనే కొట్టుకున్నాయి. 1707లో గొడవ మళ్ళీ ముదిరింది. గవర్నర్ థామస్ పిట్ తీర్పు నచ్చక కుడిచేతి పక్షం వాళ్ళు ఊరు వదిలి శాన్‌థోమ్‌కు వెళ్ళిపోయారు. చివరికి పెద్దనాయకన్‌పేట కుడిచేతి వారికీ, ముత్యాలపేట ఎడమచేతి వారికీ అని పంచారు. కుంపిణీ ఈ తగవును సృష్టించలేదు. దాన్ని నగర పటంలో రాసి, సరిహద్దులు పాతి, పాలనలో భాగం చేసింది. కులాన్ని బట్టి, వృత్తిని బట్టి పేటలు వేయడం ఆ తర్వాత అలవాటుగా మారింది. కుంపిణీ గుడ్డను చలువ చేసే చాకళ్ళ చుట్టూ వాషర్‌మన్‌పేట ఎదిగింది. 1734లో నూలు వడికేవాళ్ళు, నేసేవాళ్ళ కోసం చింతాద్రిపేట వెలిసింది.

ఫిరంగి గుండు వెళ్ళేంత దూరం

1746లో ఫ్రెంచివాళ్ళు మద్రాసును పట్టుకుని, కోటను ఆనుకుని ఉన్న ఇళ్ళను కొంతమేర కూల్చారు. మూడేళ్ళ తర్వాత ఊరు ఇంగ్లీషువాళ్ళ చేతికి తిరిగి వచ్చింది. వాళ్ళూ ఆ కూల్చివేతను ఆపలేదు. 1758-59 నాటి ఫ్రెంచి సేనాని లాలీ ముట్టడికి అటూ ఇటూగా పాత బ్లాక్ టౌన్ మొత్తాన్నీ నేలమట్టం చేశారు. శత్రువు ఇళ్ళ చాటున నక్కి కోట మీదికి రాకుండా ఫిరంగికి ఎదురు లేని ఖాళీ నేల కావలసి వచ్చింది. తిమ్మన్న కట్టించిన గుడి కూడా అప్పుడే పోయింది. దానికి బదులు మరో చోట చెన్నకేశవుడికీ, చెన్నమల్లీశ్వరుడికీ జంట ఆలయాలు లేచాయి. ఖాళీ చేసిన నేలలో ఇకపై ఎవరూ ఇల్లు కట్టకూడదని 1773లో హద్దు స్తంభాలు నిలిపారు. వాటిలో ఒకటి నేటికీ పారీస్ కార్నర్‌లో డేర్ హౌస్ ఆవరణలో ఉంది. ఆ ఖాళీ మీదే 1892లో హైకోర్టు భవనం పూర్తయింది.

కొత్త బ్లాక్ టౌన్‌కు గోడ కట్టించి, ఆ ఖర్చును జనం మీద వేయాలనుకున్నారు. జనం మొండికేయడంతో పన్ను వసూలు కాలేదు. ఆ దారికి మాత్రం వాల్ టాక్స్ రోడ్ అన్న పేరు స్థిరపడిపోయింది. కట్టని పన్నుకు ఇంతటి స్మారకం మరెక్కడా ఉండి ఉండదు. ఇంగ్లండు యువరాజు రాకను పురస్కరించుకుని 1906లో బ్లాక్ టౌన్‌కు జార్జ్ టౌన్ అని పేరు మార్చారు.

కలకత్తాలోనూ ఇదే సూత్రం నడిచింది. 1756లో బెంగాల్ నవాబు సిరాజుద్దౌలా దాడి తర్వాత కొత్త ఫోర్ట్ విలియం కోసం గోవిందపూర్ గ్రామాన్ని ఖాళీ చేయించారు. రవీంద్రనాథ్ ఠాగూర్ పూర్వీకులు అలా లేచి ఉత్తర కలకత్తాకు తరలినవాళ్ళే. కోట చుట్టూ మిగిలిన ఖాళీయే ఇప్పటి మైదాన్. దానికి దక్షిణాన, తూర్పున దొరల భవంతులు లేచాయి, ఉత్తరాన బెంగాలీ బాబుల ఇళ్ళూ బజార్లూ ఇరుకిరుకుగా పెరిగాయి. నగరంలో రోడ్లు వేయడానికి 1817లో ఏర్పడిన సంఘానికి డబ్బు లాటరీ టికెట్ల అమ్మకం నుంచి వచ్చేది. పేరు కూడా లాటరీ కమిటీయే. జూదం డబ్బుతో వీధులేమిటని ఇంగ్లండులో విమర్శలు రేగడంతో 1836లో అది ఆగింది.

ఈ విభజనను మరీ గోడ కట్టినట్టు ఊహించుకోవడం పొరపాటు. అర్మీనియన్లు, పోర్చుగీసులు, యూదులు, పార్సీలు రెండువైపులా కనిపించేవారు. దొరల ఇళ్ళు నడిచేది పక్క సందుల్లో ఉండే వంటవాళ్ళు, ఆయాలు, పల్లకీ బోయీల మీదే. మద్రాసు నుంగంబాకంలో ఎకరాల తోటల మధ్య బంగళా కట్టుకున్న దొరకు అప్పిచ్చేది చాలాసార్లు జార్జ్ టౌన్ సేటే.

1857 తర్వాత ఢిల్లీకి పట్టిన గతి వీటన్నిటికంటే ఘోరం. తిరుగుబాటును అణచాక ఊరి జనాన్ని గోడల బయటికి తరిమేశారు. హిందువులను ముందు రానిచ్చారు, ముస్లింలను చాలా ఆలస్యంగా. ఎర్రకోట లోపలి మహళ్ళలో ఎక్కువ భాగాన్ని కూల్చి బారకాసులు కట్టారు. కోటకూ జామా మసీదుకూ నడుమ ఉన్న ఇళ్ళు, బజార్లు, అక్బరాబాదీ మసీదు మాయమయ్యాయి. ఆ శిథిలాల మధ్య కవి గాలిబ్ మిత్రులకు రాసిన ఉత్తరాలు ఒక నగరానికి రాసిన మరణవార్తల్లా ఉంటాయి. మరో పదేళ్ళకు రైలు పట్టాలు పాత ఊరిని చీల్చుకుంటూ లోపలికి వచ్చాయి.

రైలు, మిల్లు, గడియారం

1853 ఏప్రిల్ 16న బొంబాయి నుంచి ఠాణాకు 34 కిలోమీటర్లు రైలు నడిచింది. దక్షిణాదిలో తొలి ప్రయాణికుల రైలు 1856 జులై 1న రాయపురం నుంచి వాలాజా రోడ్డుకు వెళ్ళింది. రేవులోకి పత్తి, జనపనార, తోళ్ళు చేరవేయడం దీని అసలు పని. పనిలో పనిగా మనుషులూ చేరారు. అమెరికా అంతర్యుద్ధం వల్ల 1861 నుంచి 1865 దాకా బొంబాయి పత్తికి బంగారం ధర పలికింది. ఆ డబ్బుతో కోట గోడలు పడగొట్టి గవర్నర్ బార్టిల్ ఫ్రెర్ కొత్త నగరానికి ముగ్గు వేశాడు. యుద్ధం ఆగిన ఏడే ధర కూలి బ్యాంకులు దివాలా తీశాయి. భవనాలు మాత్రం లేస్తూనే ఉన్నాయి.

ఆ భవనాలకు రాళ్ళు మోసినవాళ్ళలో తెలంగాణవాళ్ళున్నారు. నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన వీళ్ళను బొంబాయిలో కామాఠీలు అన్నారు. వాళ్ళు గుడిసెలు వేసుకున్న చిత్తడి నేలే కామాఠిపురా. ఆ పేరుకు తర్వాత వేరే అపఖ్యాతి అంటుకుని, అసలు కథ మరుగున పడింది. పద్మశాలీలు మిల్లు సాంచాల మీదికి వెళ్ళారు. హుగ్లీ ఒడ్డున టిటాగఢ్ లాంటి చోట్ల జూటు మిల్లుల్లో గంజాం, విశాఖ జిల్లాల జనం చేరారు. ఖరగ్‌పూర్‌లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు పెట్టాక అక్కడ ఒక తెలుగు ఊరే వెలిసింది. 1937 దాకా బ్రిటిష్ ఇండియాలో భాగమైన రంగూన్‌కు ఉత్తరాంధ్ర నుంచి ఓడెక్కినవాళ్ళకు ఇక లెక్కలేదు. ఊళ్ళో అందరూ ‘రంగం పోయాడు’ అనేవారు. ఓడరేవులో బరువులు మోసింది, నగరం పాకీపని చేసింది వీళ్ళే. 1930 మేలో రేవు కూలీల సమ్మె విషయమై బర్మీయులకూ తెలుగువాళ్ళకూ జరిగిన అల్లర్లలో ఎంతోమంది ప్రాణాలు పోయాయి.

మిల్లు కూలీ బతికింది చాల్‌లోని ఒంటి గదిలో. నీళ్ళ కుళాయి, మరుగుదొడ్డి వరుసకంతటికీ కలిపి ఉండేవి. పగటి పాళీవాళ్ళు లేచిన చాపమీద రాత్రి పాళీవాళ్ళు పడుకునేవాళ్ళు. మద్రాసులో బకింగ్‌హామ్, కర్నాటిక్ మిల్లుల కార్మికులతో 1918 ఏప్రిల్‌లో మద్రాస్ లేబర్ యూనియన్ పుట్టింది. దేశంలో తొలి సంఘటిత కార్మిక సంఘంగా దాన్ని చెబుతారు.

మిల్లుతో పాటు గడియారం కూడా పెత్తనానికి వచ్చింది. 1906 జనవరి 1 నుంచి దేశమంతటికీ ఒకే కాలమానం అన్నప్పుడు బొంబాయి తిరగబడింది. కొత్త లెక్కకు తన పాత సమయం 39 నిమిషాలు వెనక. తెల్లవారకముందే పనికి రమ్మంటున్నారని మిల్లు కూలీలు వీధికెక్కారు. మునిసిపాలిటీ అయితే మరీ పట్టుబట్టి, స్వాతంత్ర్యం వచ్చాక కూడా తన గడియారాలను బొంబాయి కాలంతోనే తిప్పింది.

ప్లేగు తెచ్చిన గునపం

1896 సెప్టెంబరులో బొంబాయి మాండ్వీ రేవు పేటలో ప్లేగు బయటపడింది. కొద్ది నెలల్లో నగర జనంలో సగం దాకా ఊరొదిలి పారిపోయారు. 1897లో వచ్చిన అంటువ్యాధుల చట్టం అధికారులకు ఇళ్ళల్లో చొరబడి సోదా చేయడానికి, రోగిని లాక్కెళ్ళడానికి, సామాను తగలబెట్టడానికి అధికారం ఇచ్చింది. పర్దాలో ఉండే ఆడవాళ్ళను పరాయి మగవాళ్ళు పరీక్షించడం జనాన్ని ప్లేగు కంటే ఎక్కువ మండించింది. పుణెలో ప్లేగు కమిషనర్ రాండ్‌ను ఆ ఏడాది జూన్ 22న చాఫేకర్ సోదరులు కాల్చారు.

అప్పట్లో వైద్యులు జబ్బుకు కారణం మురికి, ఇరుకు, చెడుగాలి అని నమ్మేవారు. ఎలుకల మీది ఫ్లీ పురుగుల పాత్ర ఇంకా రుజువు కాలేదు. అందుకే 1898లో ఏర్పడిన బొంబాయి ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు మందుకు బదులు గునపం పట్టింది. సముద్రపు గాలి నగరంలోకి రావాలని వెడల్పాటి రోడ్లు వేసింది. దారిలో ఉన్న చాళ్ళను కూల్చింది. తొలి ఏళ్ళలో పడగొట్టిన గదులు ఎక్కువ, కట్టినవి తక్కువ. ఇల్లు పోయినవాళ్ళు పక్క పేటలో దూరారు, అక్కడ ఇరుకు పెరిగింది. దాదర్, మాటుంగాలలో ట్రస్టు వేసిన చక్కటి లేఅవుట్లు మధ్యతరగతికి దక్కాయి. ఒకప్పుడు ఫిరంగి అడిగిన ఎడాన్ని ఇప్పుడు వైద్యుడు, ఇంజనీరు అడిగారు.

నిజాం పాలనలోని హైదరాబాద్ కూడా ఈ నమూనానే అందుకుంది. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో వేలమంది చనిపోయాక ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఏర్పడింది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. బస్తీలను కొట్టేసి రోడ్లు వెడల్పు చేసే పనిలో బోర్డు బొంబాయికేమీ తీసిపోలేదు. పత్తర్‌గట్టీ రాతి కమానుల కింది దుకాణాలు ఆ కాలానివే.

అదే హైదరాబాదుకు పొరుగున మరో రకం ఊరు అప్పటికే శతాబ్దం నుంచీ ఉంది. 1798 ఒప్పందంతో నిజాం ఖర్చు మీద దిగిన కుంపిణీ సైన్యం హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన మకాం వేసింది. 1806లో దానికి నిజాం సికందర్ జా పేరున సికింద్రాబాద్ అని పేరొచ్చింది. జనం నోట అది లష్కర్, లష్కర్ బోనాల్లో ఆ మాట నిలిచే ఉంది. సైన్యం వెంట మొదలియార్లు, పార్సీలు, తెలుగు వర్తకులు, ఆంగ్లో ఇండియన్లు వచ్చారు. చట్టం వేరు, పోలీసు వేరు, బజారు వేరు. కాశీయాత్రకు బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య 1830లో ఈ జంట ఊళ్ళగుండా సాగుతూ రాసిన వివరాలు తెలుగులో నగరాన్ని పరిశీలనగా చూసిన తొలి రచనల్లో చేరతాయి. ఆయన మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీ, అంటే ఆ చూపు కూడా కుంపిణీ నగరం తయారు చేసినదే.

పన్ను ఎవరిది, ఊరు ఎవరిది

మద్రాసు కార్పొరేషన్ 1688లో పుట్టింది, దేశంలో అదే మొదటిది. స్వపరిపాలన మీద మక్కువతో పెట్టింది కాదు. జనం తమలోని పెద్దలే అడిగితే పన్ను కట్టడానికి ఒప్పుకుంటారని కుంపిణీ డైరెక్టర్ జోసయా చైల్డ్ వేసిన ఎత్తు అది. ఆల్డర్మన్లలో ఇంగ్లీషువాళ్ళతో పాటు హిందువులు, పోర్చుగీసులు, యూదులు ఉండేవారు. రెండు శతాబ్దాల తర్వాత 1882లో వైస్రాయ్ రిప్పన్ తీర్మానం ఎన్నికైన సభ్యులకు చోటు పెంచినా, ఓటు ఆస్తిపన్ను కట్టేవాళ్ళకే దక్కింది. కాస్త పెద్ద ఊళ్ళలో మునిసిపాలిటీ అంటే వీధి దీపం, రోడ్డు, ప్లీడర్ల రాజకీయం. రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ పత్రికలో కచేరీల లంచగొండితనాన్ని ఎండగడితే, చదివి గుసగుసలాడుకున్నది ఈ కొత్త పట్టణ సమాజమే.

చీరాల, పేరాల జంట గ్రామాలు మాత్రం మునిసిపాలిటీయే వద్దన్నాయి. నేతగాళ్ళు ఎక్కువున్న పదిహేను వేల జనం ఊళ్ళను మద్రాసు ప్రభుత్వం కలిపి పురపాలక సంఘం చేసేసరికి పన్నులు ఎన్నో రెట్లు పెరిగాయి. 1921 ఏప్రిల్‌లో వచ్చిన గాంధీ ఊరు విడిచిపోవడం కూడా ఒక మార్గమని చెప్పాడు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో జనంలో అత్యధికులు నిజంగానే ఇళ్ళు వదిలి హద్దు అవతల రామనగరం పేరుతో పాకలు వేసుకున్నారు. ఎండ, వాన, చలి భరించి సుమారు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాల జైలుకెళ్ళాక, చేతిలో డబ్బు అయిపోయాక తిరిగి ఇళ్ళు చేరారు. పన్ను కట్టడం ఇష్టం లేక ఊరిని ఊరే ఖాళీ చేసిన ఉదంతం భారత నగరపాలన చరిత్రలో ఇంకొకటి దొరకడం కష్టం.

కోటల ముందు ఫిరంగుల కోసం వదిలిన ఖాళీలు కూడా పాలకుల లెక్కకు మించి ఉపయోగపడ్డాయి. అంతమంది ఒక్కచోట కూడగల జాగా ఇరుకు పేటల్లో లేదు. 1907లో బిపిన్ చంద్రపాల్ రాజమండ్రి, బెజవాడల మీదుగా వెళ్ళి మద్రాసు సముద్రతీరంలో ఉపన్యసించాడు. కలకత్తా మైదాన్‌లో, బొంబాయి మైదానాల్లో సభలు నిత్యకృత్యమయ్యాయి. 1942 ఆగస్టు 8న క్విట్ ఇండియా తీర్మానం ఆమోదం పొందింది గోవాలియా ట్యాంక్ మైదానంలోనే. ఇదే కాలంలో వాస్తుశిల్పులు లుటియెన్స్, బేకర్ గీసిన న్యూఢిల్లీ 1931లో ప్రారంభమైంది. హోదాను బట్టి బంగళా, బంగళాను బట్టి తోట వైశాల్యం అన్న వలస సూత్రానికి అది చివరి, భారీ రూపం. పదహారేళ్ళకే దాన్ని వేరేవాళ్ళకు అప్పగించారు.

ఒకే ప్రెసిడెన్సీ, ఒకే నగరం

తెలుగు జిల్లాల్లో వలస పాలన ఎన్నో చిన్న పట్టణాలను పెంచింది. కృష్ణ మీద ఆనకట్ట, తర్వాత రైలు వంతెన వచ్చాక బెజవాడ కూడలి అయింది. 1864 నవంబరు 1 తుపానులో సుమారు ముప్ఫై వేలమందిని పోగొట్టుకున్న బందరు మళ్ళీ కోలుకోలేదు. గుంటూరులో బ్రాడీపేట, అరండల్‌పేట అంకెల లైన్లతో వెలిశాయి. విశాఖలో కొండ మీద వాల్తేరు దొరలది, రేవు పక్క పాత ఊరు జనానిది. అక్కడి హార్బరు 1933లో తెరుచుకుంది.

అయినా హైకోర్టు, విశ్వవిద్యాలయం, పెద్ద ఆస్పత్రి, అచ్చుయంత్రం, బ్యాంకు అన్నీ మద్రాసులోనే పోగుపడ్డాయి. వావిళ్ళ ముద్రణాలయం అక్కడే. బొంబాయిలో వారపత్రికగా మొదలైన ‘ఆంధ్రపత్రిక’ 1914లో దినపత్రికగా మద్రాసుకే చేరింది. చదువుకోవాలన్నా, కేసు గెలవాలన్నా, పుస్తకం అచ్చేయాలన్నా తెలుగువాడు మద్రాసు బండి ఎక్కాల్సిందే. 1926లో బెజవాడలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పెట్టి, తర్వాత వాల్తేరుకు మార్చినా ఆ ఆకర్షణ తగ్గలేదు. ఈ కేంద్రీకరణ ఫలితం రాష్ట్ర విభజన వేళ బయటపడింది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు మద్రాసు తమిళులకు పోయింది. కొత్త రాష్ట్రానికి రాజధానికి తగ్గ నగరం లేదు. కర్నూలులో కచేరీలు డేరాల్లో నడిచాయి, హైకోర్టును గుంటూరులో పెట్టుకున్నారు.